సిమెంటు ఆవు కింద నా కాలు

నా చిన్నప్పుడు ఒక ఆవు నా కాలు పట్టుకుంది. కుమ్మలేదు, తొక్కలేదు, పట్టుకుని ఊరికే వదలకుండా నిలబడింది. అది మా తాత చేసిన సిమెంటు ఆవు. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను. కాలు బయటికి వచ్చిన దగ్గర ఆపేసి కాఫీ పెడతానని లేచిపోతాను. ఆ తరువాత జరిగింది మా పిల్లలకు కూడా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి లేచిపోవడానికి వీల్లేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మాది కుప్పం. అమ్మకు నెలలు నిండాయి. పుట్టింట్లో అమ్మమ్మ లేదు కాబట్టి కాన్పుకు అక్కడికి వెళ్ళే వీలు లేక అమ్మ కుప్పంలోనే ఉండిపోయింది. ఇంట్లో అడ్డం లేకుండా నన్ను మాత్రం ఎండాకాలం సెలవులకు పుంగనూరులో అమ్మ వాళ్ళ నాన్న, మా తాత దగ్గర దింపేశారు. తాత ఇంట్లో ఆయన చెల్లెలు ఉండేది, నేను చిన్నవ్వ అనేదాన్ని. చిన్నవ్వకు ఆడపిల్ల అంటే భయం. పిల్ల మీద భయం కాదు, పిల్లకు ఏమన్నా అయితే మాట పడాల్సి వస్తుందని భయం. పొద్దున నాకు తల దువ్వి, పాలు తాగించి, వాకిలి గడియ పెట్టేసేది. గడియ నాకు అందనంత ఎత్తులో ఉండేది. మధ్యాహ్నం దాకా నేను కిటికీ చువ్వలు పట్టుకుని వీధి చూస్తూ కూర్చునేదాన్ని. అలా ఎన్ని రోజులు గడిచాయో లెక్క పెట్టలేదు గానీ, ఆ చువ్వల తుప్పు వాసన ఇప్పటికీ గుర్తుంది.

సాయంత్రం ఒక గంట మాత్రం పక్కింటి అరుగు దాకా వెళ్ళనిచ్చేది. అక్కడ పక్కింటి అక్క, ఇంకో నలుగురు పిల్లలు అచ్చనగాయలు ఆడేవాళ్ళు. ఐదు రాళ్ళు ఎగరేసి చేతి వెనక పట్టుకునే ఆట. వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. ఎవరి రాళ్ళతో వాళ్ళే ఆడాలి, ఇంకొకరి రాళ్ళు ముట్టుకుంటే చెయ్యి తిరగదట. రాళ్ళు ఐదూ ఒక్క తీరుగా, ఒక్క బరువుతో ఉండాలి. నేను ఇంటి వెనక ఏరుకొచ్చిన రాళ్ళు చూసి పక్కింటి అక్క చేతిలోకి కూడా తీసుకోలేదు. రాళ్ళు లేనిదాన్ని కాబట్టి ఆ గంట కూడా నేను చూస్తూ కూర్చోవడమే. ఇంట్లో కిటికీలోంచి చూడటానికీ, అరుగు మీద కూర్చుని చూడటానికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

మా తాత బొమ్మల మేస్త్రీ. వయసులో ఇళ్ళు కట్టాడు. నడుము వంగాక ఇంటి పెరట్లోనే కూర్చుని సిమెంటు బొమ్మలు చేసేవాడు. ఇనుప కమ్మీలు వంచి ఎముకలు కట్టేవాడు, వాటి మధ్య ఇటుక ముక్కలు కూరి, పైన పొరలు పొరలుగా సిమెంటు మెత్తి, తడి గోనెపట్టాలు కప్పి రోజుల తరబడి ఆరనిచ్చేవాడు. తోటల్లో పెట్టే నెమళ్ళు, కొంగలు, గేటు పక్కన పెట్టే సింహాలు ఆయన చేతిలో తయారయ్యేవి. అయితే ఆయన గొప్పగా చెప్పుకునేది ముక్కూ ముఖం దిద్దడం గురించి కాదు. తను నిలబెట్టిన బొమ్మ ఒక్కటి కూడా ఇంతవరకు ఒరగలేదని చెప్పేవాడు. బొమ్మకు అసలు కాళ్ళు నేల పైన కనపడేవి కావనీ, నేల కింద ఉండేవనీ అనేవాడు.

ఆ ఎండాకాలానికి ఆయన కంట్లో పొర వచ్చింది. సూదికి దారం ఎక్కించలేకపోయేవాడు. పెద్ద పనులకు ఇబ్బంది లేదని ఆయన అనేవాడు గానీ, మేస్త్రీకి చూపు ఆనడం లేదన్న మాట ఊళ్ళో అప్పటికే పాకింది. అలాంటప్పుడు మదనపల్లెలో ఒక పెద్ద తోట ఉన్న ఇంటావిడ ఆయనకు పని చెప్పింది. ఆమె దగ్గర ఏళ్ళ తరబడి ఉన్న పుంగనూరు ఆవు ముసలిదై చచ్చిపోయిందట. అది రోజూ మేసిన చోట దాని బొమ్మ నిలబెట్టాలని ఆమె కోరిక. మా పుంగనూరు ఆవు పొట్టిది, పెద్దవాళ్ళ నడుము దాకా కూడా రాదు. అందుకని దాన్ని ఉన్నంత కొలతకే చేయవచ్చు. ముందు ఆవు. అది సరిగ్గా నిలబడితే దాని పక్కన దూడ, తరువాత గేటు దగ్గర రెండు నెమళ్ళు. సరిగ్గా నిలబడకపోతే ఆ మిగతా పని మదనపల్లెలోనే ఉన్న ఇంకో చిన్నవయసు మేస్త్రీకి పోతుంది. ఆమె అంత మాటా ముఖం మీదే చెప్పిందని తాత మా చిన్నవ్వతో అంటుంటే విన్నాను. ఆ ఇంటావిడ భయం ఆమెది. సెలవులకు మనవళ్ళు వస్తారు, ఆవు కనిపిస్తే ఎక్కి కూర్చోకుండా ఉండరు.

ఆవును లారీలో గడ్డి మీద పడుకోబెట్టి మదనపల్లెకు తీసుకుపోయిన రోజు తాత నన్ను కూడా తోడు తీసుకుపోయాడు. చిన్నవ్వ వద్దని గొణిగింది. తాత వినలేదు. గడియ తీసిన చప్పుడు వినగానే నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. ఆ తొందరే తరువాత నా ప్రాణం మీదికి తెచ్చింది.

తోట పెద్దది. మల్లెపాదులు, కనకాంబరాలు, మామిడిచెట్లు. ఇంటి ముందు పచ్చిక మధ్యలో తాత ముందురోజే వచ్చి మోకాలి లోతు గుంత తవ్వించి ఉన్నాడు. రోజూ నీళ్ళు పెట్టే తోట నేల మెత్తగా ఉంటుంది, దాని మీద బరువైన బొమ్మ ఊరికే పెడితే ఒక్క వానకే ఒరుగుతుంది. అందుకని గుంత అడుగున జానెడు ఇసుక పోసి దిమ్మిసతో గట్టి చేశాడు. నాలుగు మూలల నాలుగు బండలు వేశాడు. ఆవు కాళ్ళు నిలిచిన సిమెంటు పలక ఆ నాలుగు బండల మీద కూర్చోవాలి. పలక కిందినుంచి వేలాడే కమ్మీలు నేలలోకి దిగాలి. పలకకూ ఇసుకకూ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంటుంది. మట్టం సరిచూసుకున్నాక ఆ సందులోకీ చుట్టూ గుంతలోకీ కంకర కలిపిన సిమెంటు పోస్తారు. అది గట్టిపడితే ఆవూ, కమ్మీలూ, నేలా ఒక్కటైపోతాయి, పదిమంది పిల్లలు ఎక్కి తొక్కినా కదలదు. అదంతా పోయకముందు మాత్రం ఆవు నిలబడేది బండలకూ పలకకూ మధ్య దోపిన రాతిముక్కల మీదే.

ఆ రాతిముక్కలు చూడగానే నా కళ్ళు అక్కడే ఉండిపోయాయి. కుప్పం పక్క రాళ్ళు కొట్టే చోటునుంచి తాత తెప్పించిన నల్లరాయి. ఉసిరికాయంత, ఒక పక్క పలుచగా, నున్నగా, అన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి. తాత వాటిని ఏరి ఏరి ఒక్కో మూల మూడేసి పెట్టాడు. మిగిలినవి పక్కన కుప్పగా పడేశాడు. ఆ కుప్పలో వెతికితే నాకు నచ్చినవి మూడు దొరికాయి. మిగతావన్నీ పగిలినవి, అంచులు కోసుగా ఉన్నవి.

నలుగురు కూలీలు మోకులతో, దుంగలతో ఆవును గుంతలోకి దించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. తాత రసమట్టం పలక మీద పెట్టి, ముఖం దానికి ఆనించేంత దగ్గరగా పెట్టి చూశాడు. చూపు చాలక ఒక కూలీని పిలిచి బుడగ ఎక్కడ ఉందని కూడా అడిగాడు. మూడు మూలలు బిగించాడు. నాలుగో మూల, ఆవు తోక పక్క, కొంచెం వదులుగా వదిలాడు. పోత పోసే ముందు దాన్ని సుత్తితో బిగించి అప్పుడు మొత్తం ఒకేసారి పూర్తిచేయడం ఆయన పద్ధతి. కూలీలు అన్నానికి బజారుకు వెళ్ళారు. ఇంటావిడ లోపల భోజనానికి కూర్చుంది. మామూలుగా అయితే తాత పోత పోసేదాకా బొమ్మ దగ్గరినుంచి కదలడు. ఆ పూట ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయని సద్ది తీసుకుని ఇంటి వెనక కొళాయి దగ్గరికి వెళ్తూ నాకు కాపలా అప్పగించాడు. "పాపా, నువ్వు ఈడనే కూసో. కుక్క గిక్క వస్తే అదిలించు. బొమ్మను మాత్రం ముట్టొద్దు" అన్నాడు.

నేను బొమ్మను ముట్టలేదు. రాళ్ళను ముట్టాను. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ రెండూ వేరు. మూడు మూలల రాళ్ళు లాగితే రాలేదు. తోక పక్క మూల రాయి ఒకటి వేలితో కదిలిస్తే పాలపన్ను కదిలినట్టు కదిలింది. బయటికి వచ్చేసింది. ఆవు అలాగే నిలబడి ఉంది. ఇంకొకటి తీశాను. ఆవు అలాగే ఉంది. మూడోది బండ మీద పలుచగా అలాగే పడి ఉంది, దాని పైన పలక ఆనడం లేదు. మూడూ రెండూ ఐదు. పుంగనూరులో పక్కింటి అరుగు మీద నేను కూర్చున్నట్టు, నా రాళ్ళు చూసి పక్కింటి అక్క ఎక్కడివని అడిగినట్టు అప్పుడే కళ్ళకు కట్టింది.

గుంత గట్టు మీదే ఆట మొదలుపెట్టాను. రెండోసారి ఎగరేయగానే ఒక రాయి చేతి వెనకనుంచి జారి గుంతలో పడి, దొర్లి పలక కిందికి పోయింది. మిగతా నాలుగూ లంగా నడుము దగ్గర దోపుకుని, గుంత గోడకూ పలకకూ మధ్య ఉన్న సందులోకి దిగాను. చెయ్యి అందదు కదా, కాలు పలక కిందికి పోనిచ్చి వేళ్ళతో రాయిని దగ్గరికి లాక్కుందామనుకున్నాను. ఆసరాకు ఆవు వెనకకాలు పట్టుకున్నాను. రాయి వేలికి తగిలింది. ఇంకొంచెం వంగి, ఆవు కాలు మీద నా బరువంతా వేశాను.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ఆవు నా వైపు కొంచెం వంగింది, అంతే. నాలుగు వేళ్ళ సందు రెండు వేళ్ళయింది. ఆ రెండు వేళ్ళ సందులో నా పాదం ఉంది.

కింద ఇసుక ఉండబట్టి ఎముక విరగలేదు, పాదం ఇసుకలోకి సగం దిగిపోయింది. లాగితే రాలేదు. తిప్పితే రాలేదు. అరిస్తే తాత వస్తాడు. వస్తే ఏమయిందని అడుగుతాడు. నడుము దగ్గర నాలుగు రాళ్ళు ఒత్తుకుంటున్నాయి, వాటిలో రెండు ఏవో ఆయనకు చూడగానే తెలిసిపోతుంది. అరవలేదు. మూతి బిగపట్టుకుని కూర్చున్నాను. పాదం ఎంత కదిలిస్తే చుట్టూ ఇసుక అంత బిగిసిపోయింది. మామిడిచెట్టు నీడ నా మోకాలి దగ్గరికి వచ్చింది. పలక ఇంకొక వెంట్రుకవాసి దిగినట్టు అనిపించింది, నిజంగా దిగిందో నా భయమో తెలియదు. ఒక కాకి వచ్చి ఆవు నెత్తి మీద వాలితే దాని బరువు కూడా నా కాలి మీదే పడుతుందని ఏడుపొచ్చింది. అయినా అరవలేదు. చిన్నప్పుడు నేను ఎంత మొండిదాన్నో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

తాత తుండుగుడ్డతో మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ముందు ఆయనకు నేను కనపడలేదు, ఆవు కనపడింది. ఒరిగిన ఆవును చూసి దూరంలోనే నిలిచిపోయాడు. తన చేత్తో తన కళ్ళను ఒకసారి తుడుచుకున్నాడు. "పోయినాయి, ఇంగ పోయినాయి" అని తనలో తాను అనుకున్నాడు. అవి కళ్ళ గురించి అన్న మాటలని నాకు వెంటనే తెలిసింది. అప్పుడు దగ్గరికొచ్చి నన్ను చూశాడు. సద్దిగిన్నె అక్కడే పడేసి గుంత దగ్గర బోర్లా పడుకుని పలక కింద చెయ్యి పెట్టి నా పాదాన్ని తడిమాడు. "కదలొద్దు పాపా. నొప్పి ఉండాదా? ఏలు కదిలించు సూద్దాం" అన్నాడు. కదిలించాను. ఆయన ఊపిరి వదిలాడు.

కూలీలు రావడానికి ఇంకా సమయం ఉంది. నలుగురు మోకులతో దించిన బరువును ఆయన ఒక్కడు ఎత్తలేడు. ఆయన లేచి సుత్తి తీసుకుని ఆవు తల వైపు వెళ్ళాడు. వెళ్తూ నాకు ధైర్యం చెప్పడానికే ఏం చేయబోతున్నాడో చెప్పాడు. తన కంటికి మట్టం తప్పిందట, తల పక్క ఎత్తయిపోయిందట. ఆ పక్క రాయి ఒకటి కొట్టి తీసేస్తే ఆవు అటు ఒరుగుతుంది, తోక పక్క లేస్తుంది, నా కాలు వదులవుతుంది. తోక పక్క మూలలో తను పెట్టిన మూడు రాళ్ళూ ఉంటే ఆ లెక్క సరైనదే. వాటిలో రెండు లేవు, మూడోది పలకకు ఆనడం లేదు. అక్కడ పలకను ఆపుతున్నది నా పాదమే. తల పక్క రాయి పోతే ఆవు మొత్తంగా దిగేది, నా కాలి మీదే దిగేది. తొమ్మిదేళ్ళ బుర్రకు ఇంత వివరంగా తెలియలేదు గానీ, పీట కింద రాయి తీస్తే పీట పడుతుందన్న సంగతి తెలుసు.

తాత మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సుత్తి ఎత్తాడు. నా నోరు అప్పటికీ రావడం లేదు. సుత్తి దిగబోతుండగా వచ్చింది.

"తాతా, కొట్టొద్దు. ఈ మూల రాళ్ళు లేవు. నేనే తీసినా."

సుత్తి గాలిలోనే ఆగింది. ఆయన దాన్ని మెల్లగా పచ్చిక మీద పెట్టాడు. నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. తిట్టలేదు, ఎందుకు తీసినావని అడగలేదు. "ఇట్లియ్యి" అన్నాడు. నడుము దగ్గరి రాళ్ళు నాలుగూ ఆయన అరచేతిలో పెట్టాను. ఒంటి వేడికి వెచ్చగా ఉన్నాయి. ఆయన వేలితో తడిమి రెండు ఏరుకుని, నా పాదానికి ఆ పక్కా ఈ పక్కా సందులో దోపి, చేతి గుడ్డతో సుత్తి తల చుట్టి, చప్పుడు కాకుండా తట్టి బిగించాడు. ఇక పలక కిందికి రాదు. నా పాదం మాత్రం ఇంకా లోపలే ఉంది.

అప్పుడాయన చేసింది నేను ఊహించని పని. పైకి చూడనే లేదు. కొబ్బరిచిప్ప ఒకటి తెచ్చుకుని నా పాదం కింద ఇసుక తోడడం మొదలుపెట్టాడు. చిప్పెడు తోడడం, బయట పోయడం, మళ్ళీ చిప్పెడు. "పైన బరువు మనం ఎత్తలేము పాపా. కింద ఇసుక తీసేస్తే నీ కాలే దిగుతాది. బలం జేయొద్దు. గట్టిగ లాగితే తోలు పోతాది, వదిలేస్తే వస్తాది" అన్నాడు. కాలు వదిలేయడం అంత కష్టమని నాకు అంతకుముందు తెలియదు. లాగాలనిపిస్తుంది, ప్రాణమంతా లాగమంటుంది. ఆయన తోడుతూ ఉంటే నేను మామిడిచెట్టు కొమ్మలు చూస్తూ కాలిని నాది కాదనుకుని వదిలేశాను. కొంతసేపటికి పాదం కింద ఖాళీ తెలిసింది, చల్లగా తగిలింది. ఆయన మడమ పట్టుకుని అడ్డంగా తిప్పి, ఒక్కసారి కిందికి నొక్కి, బయటికి తీశాడు. పాదం పైన తోలు లేచిపోయింది, చిటికెనవేలి గోరు పోయింది. అంతకు మించి ఏమీ కాలేదు. ఆయన తుండుగుడ్డ చించి కట్టు కట్టి, నన్ను ఎత్తి చెట్టు కింద కూర్చోబెట్టాడు. నా ముఖం తన గుండెకు ఒకసారి ఆనించుకున్నాడు. అప్పుడు గట్టిగా ఏడ్చాను.

రోజూ నేను కథ ఆపేది ఇక్కడే. వినేవాళ్ళు మీ తాత ఎంత తెలివైనవాడో అంటారు. అవునంటాను.

నా ఏడుపు విని ఇంటావిడ బయటికి వచ్చింది. కూలీలు కూడా అప్పుడే గేటు తీసుకుని వస్తున్నారు. ఆమె ఒరిగిన ఆవును చూసింది, రక్తం అంటిన కట్టు చూసింది, ముఖం పాలిపోయింది. ఆమె చెడ్డమనిషి కాదు. ముందు నా దగ్గరికి వచ్చి కాలు చూసి, లోపలినుంచి మందు తెప్పించి, నీళ్ళు తాగించింది. ఆ తరువాతే తాత వైపు తిరిగింది. "నేను ముందే అనుకున్నాను మేస్త్రీ. మీకు చూపు ఆనడం లేదు. ఈ పిల్ల కాబట్టి సరిపోయింది, రేపు మా పిల్లలైతే నేనేం సమాధానం చెప్పుకోను?" అంది.

తాత తల వంచుకున్నాడు. "అవునమ్మా. మట్టం తప్పింది" అన్నాడు.

ఆ మాట అన్నాక ఆయన నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత జాగ్రత్తపడ్డాడో నాకు తెలుస్తూనే ఉంది. కూలీలు నిలబడి చూస్తున్నారు. మట్టం చూడటానికి తాత పిలిచిన కూలీ తోటివాడి చెవిలో ఏదో అన్నాడు, వాడు తల ఊపాడు. నేను ఒక్క మాట అంటే చాలు. అంతకుముందే ఆ మాట అన్నాను కూడా, ఎలా అనాలో నాకు తెలుసు. తాత కాదు, నేనే తీసినా. అంతే. నోట్లో నాలుక ఉంది, గొంతు ఉంది, చుట్టూ ఎవరూ నన్ను కొట్టేవాళ్ళు కూడా లేరు. నేను గ్లాసులో నీళ్ళు తాగుతూ ఉండిపోయాను. నీళ్ళు అయిపోయాక కూడా గ్లాసు మూతి దగ్గరే పెట్టుకున్నాను.

ఆవును ఆ సాయంత్రమే మళ్ళీ సరిచేసి పోత పోశారు. తాత గుంత చుట్టూ ఎవర్నీ రానివ్వకుండా చివరి బాండ్లి సిమెంటు పోసేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ ఆవు తరువాత ఎన్ని వానలకూ కదల్లేదు, ఎందరు పిల్లలు ఎక్కినా కదల్లేదని విన్నాను. దూడా, నెమళ్ళూ మాత్రం ఇంకో మేస్త్రీ చేశాడు.

పుంగనూరు బస్సులో తాత కిటికీ పక్కన కూర్చోబెట్టి నన్ను ఒళ్ళోకి ఒరిగించుకున్నాడు. చాలా దూరం పోయాక, రాళ్ళు తీసింది నేనని ఆమెకు నువ్వెందుకు చెప్పలేదని అడిగాను. నేనెందుకు చెప్పలేదన్నది ఆయన అడగాల్సింది, అది నేను ఆయన్ను అడిగాను. "కాపలా పెట్టి పోయింది నేను గదా. పోత పోయకుండా సద్దికి పోతే తప్పు మేస్త్రీదే. నువ్వు నాకు జెప్పినావు, అది సాలు" అన్నాడు. ఆయన దాన్ని నిజంగా నమ్మాడా, నా కోసం అన్నాడా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. రెండూ అయి ఉండొచ్చు. కానీ చాలదని నాకు ఆ బస్సులోనే తెలుసు. నా కాలు పోతుందంటే నోరు వచ్చింది. ఆయన పేరు పోతుంటే రాలేదు.

ఆ తరువాత ఆయన పెద్ద బొమ్మలు చేయలేదు. చేయమని ఎవరూ అడగలేదు. తులసికోటలు, నీళ్ళతొట్లు చేసుకుంటూ ఉండేవాడు. ఎవరైనా ఇంటికి వచ్చి మదనపల్లె ఆవు సంగతి ఎత్తితే చిన్నవ్వ, కళ్ళు పోయాక పనెందుకని మొత్తుకున్నానని అనేది. తాత నవ్వి ఊరుకునేవాడు. ఎన్నో సెలవులకు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ప్రతిసారీ ఆ మాట నా ముందే పడేది. ఇప్పుడు చెబుతాను అనుకునేదాన్ని, ఈ వచ్చినాయన వెళ్ళిపోనీ అనుకునేదాన్ని. రోజు గడిచేకొద్దీ ఆ మాట ఇంకా బరువెక్కింది. మొదటి రోజు ఒక్క మాట, ఏడాదికి అది ఏడాది దాచిన మాట. వాకిలికి గడియ లేకపోయినా నేను ఆ దాపరికంలోంచి బయటికి రాలేకపోయాను. తాత పోయాడు. ఆ ఇంటావిడ కూడా పోయింది. వినాల్సిన వాళ్ళెవరూ లేనప్పుడు చెప్పడం ఎంత సులభమో ఈ కాగితం చూస్తేనే తెలుస్తోంది.

కింద ఇసుక తోడడం మాత్రం జీవితంలో బాగా పనికొచ్చింది. అత్తగారింట్లో కొన్నేళ్ళు నా మీద కూర్చున్న బరువులు నేను ఎత్తలేనివి. లాగి పెనుగులాడకుండా, రోజుకు చిప్పెడు చొప్పున కిందినుంచి తోడుకుంటూ పోయి, చదువు పూర్తిచేసుకున్నాను, ఉపాధ్యాయురాలి ఉద్యోగం తెచ్చుకున్నాను. అది తాత నేర్పిందే. నేర్పినందుకు ఆయన్ను తలచుకుంటే సంతోషమే. ఇంకోటి, చెప్పాల్సినప్పుడు నోరు మూసుకోవడం, ఆయన నేర్పలేదు, నేనే తగిలించుకున్నాను. దాని బాకీ తీర్చుకోవడానికి నాకు ఒకే ఒక్కసారి అవకాశం వచ్చింది.

నేను రామసముద్రం దగ్గర ఒక ఊరి బడిలో పనిచేస్తున్నప్పుడు, ఒక సాయంత్రం కిటికీ మూయడం మరిచిపోయి ఇంటికి వెళ్ళాను. రాత్రి వాన కొట్టి, దిద్దాల్సిన పరీక్ష పేపర్లన్నీ ముద్దయిపోయాయి. పొద్దున పెద్దసారు, పైనుంచి వచ్చిన అధికారి, అందరూ ఉన్నారు. బడి అటెండరును నిలబెట్టి అడుగుతున్నారు. ముసలాయన, ఇంకో ఏడాదిలో రిటైరు కావాల్సినవాడు. ఆయన తల వంచుకుని, "తప్పయిపోయింది సార్, నేనే సూసుకోలేదు" అన్నాడు. తాళం వేసేది ఆయనే కాబట్టి నిజంగానే తన తప్పేనని అనుకున్నాడు. గ్లాసు లేదు ఈసారి అడ్డం పెట్టుకోవడానికి. లేచి నిలబడి, కిటికీ తెరిచి పెట్టి వెళ్ళింది నేనని అందరి ముందూ చెప్పాను. పడాల్సిన మాటలు పడ్డాను. రాసివ్వమంటే సంజాయిషీ రాసిచ్చాను.

ఆ సాయంత్రం అటెండరు నాతోపాటు బస్టాపు దాకా నడిచి వచ్చాడు. బస్సు వస్తుండగా రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు. ఇట్లా ఎవురూ చెప్పరు మేడం అన్నాడు. నేను ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశాను. ఆయన నన్ను మంచిదాన్ని అనుకుంటున్నాడు. ఆ మాట ఎన్నో ఏళ్ళ ముందే ఒక తోటలో, ఇంకో ముసలాయన తల వంచుకుని నిలబడినప్పుడు చెప్పాల్సిన మాటని ఆయనకు ఎలా చెప్పను? బస్సెక్కి కూర్చున్నాక, తొమ్మిదేళ్ళప్పుడు ఆ చెట్టు కింద ఏడ్చినట్టే ఇల్లు చేరేదాకా ఏడ్చాను. ఈసారి కాలికి ఏ దెబ్బా లేదు.